మోటారు కార్లలో ఉండి ఉండి పొడసూపు చార్జింగు లోపములు: నిర్ధారణ విధానము

మోటారు కారులో ఇంజను నడుచుచున్నంత సేపు దీపములకును, స్పార్కు ప్లగ్గులకును, పంపులకును, ఫ్యానులకును కావలసిన విద్యుత్తును సమకూర్చుచు, ఇంజనును స్టార్టు చేయుటలో బ్యాటరీ కోల్పోయిన శక్తిని తిరిగి దానికి చేర్చు ఏర్పాటునకు చార్జింగు వ్యవస్థ యని పేరు. ఈ వ్యవస్థలో కలుగు లోపములు రెండు తెఱగులు. ఆల్టర్నేటరు పూర్తిగా చెడిపోవుట, బెల్టు తెగిపోవుట, ఫ్యూజు మాడిపోవుట వంటివి స్థిరలోపములు. ఇవి ఎల్లవేళల ఉండునవి కావున వీటిని కనుగొనుట కష్టము కాదు. ఒకనాడు కనబడి మరునాడు మాయమగుచు, ఎండలోనో వానలోనో గతుకుల బాటమీదనో మాత్రమే తలయెత్తి, కారు మెకానిక్కు షెడ్డునకు చేరునప్పటికి జాడ తెలియకుండ పోవునవి రెండవ తెగకు చెందిన ఆగంతుక లోపములు. విడిచి విడిచి వచ్చు జ్వరమును, రోగి యొడలు చల్లబడియున్న వేళ నాడి చూచిన వైద్యుడు గుర్తింపలేనట్లే, ఈ లోపమును అది లేని వేళ మీటరు పట్టి చూచిన ఎలక్ట్రీషియను గుర్తింపలేడు. కావున వీటి నిర్ధారణ పద్ధతులన్నియు ఒక్క సూత్రమును ఆశ్రయించియున్నవి: లోపము ఏ స్థితిలో కలుగుచున్నదో ఆ స్థితిని తిరిగి కల్పించి, ఆ క్షణముననే కొలవవలెను.

చరిత్ర

అయస్కాంత క్షేత్రములో కదలు తీగయందు విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే నిరూపించెను. పలుమార్లు చార్జి చేయదగిన సీసపు బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే నిర్మించెను. ఈ రెంటిని కారులో జతపఱచవలసిన అవసరము, చేతితో హ్యాండిలు త్రిప్పి ఇంజనును లేపు శ్రమను తప్పించుటకై చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో ప్రవేశించిన పిమ్మట బలపడెను. ఏలయన, స్టార్టరు కొద్ది క్షణములలో బ్యాటరీనుండి పీల్చుకొను శక్తిని దారిలోనే తిరిగి నింపు యంత్రము లేనిచో ఆ సౌకర్యము నాలుగు నాళ్ళ ముచ్చట యగును.

ఆ పనిని తొలి దశాబ్దములలో డైనమో నిర్వహించెను. మన దేశపు రోడ్ల మీద చిరకాలము తిరిగిన తొలినాటి అంబాసిడరు కార్లలో ఉన్నదియు డైనమోయే. లూకాస్ సంస్థ తయారుచేసిన సి40 రకపు డైనమో గరిష్ఠముగా ఇచ్చునది 22 ఆంపియర్లు మాత్రమే. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు అదియు లభింపకపోవుటచే, కారు ఆగియున్నపుడు డ్యాష్‌బోర్డు మీది ఎఱ్ఱదీపము మినుకు మినుకుమనుట నాటివారికి సహజముగా తోచెడిది. బ్యాటరీలోని విద్యుత్తు వెనుకకు ప్రవహించి డైనమోను పాడుచేయకుండ కటౌట్ అను రిలే అడ్డుపడెడిది. దాని కాంటాక్టులు మాడుట, అంటుకొనుట అనునవి ఆనాటి ఆగంతుక లోపములలో ప్రధానమైనవి. సిలికాన్ డయోడులు చౌకయైన పిమ్మట, 1960లో క్రైస్లర్ సంస్థ తన వేలియంట్ కారున ఆల్టర్నేటరును పెద్దయెత్తున ప్రవేశపెట్టెను. డయోడులు విద్యుత్తును ఒక్క దిక్కునకే పోనిచ్చునవి కావున కటౌట్ అవసరము తీరినది. తెలుగునాట పెక్కు షెడ్లలో నేటికిని ఆల్టర్నేటరును డైనమో యనియే పిలుచుచుందురు.

నిర్మాణము, పనితీరు

ఇంజను క్రాంకు షాఫ్టునుండి బెల్టు ద్వారా తిరుగు రోటరులో ఒక తీగచుట్ట యుండును. రెండు కార్బన్ బ్రష్షులు, రెండు రాగి స్లిప్ రింగుల మీదుగా ఆ చుట్టకు కొద్ది ఆంపియర్ల విద్యుత్తు చేరి దానిని అయస్కాంతముగా మార్చును. దాని చుట్టునున్న స్టేటరు తీగలలో మూడు ఫేజుల ఏకాంతర విద్యుత్తు జనింపగా, ఆఱు డయోడులు దానిని ఏకముఖ విద్యుత్తుగా మార్చి ‘బి’ టెర్మినలు ద్వారా బ్యాటరీకి పంపును. రోటరునకు పోవు విద్యుత్తును హెచ్చించియు తగ్గించియు వోల్టేజిని అదుపున ఉంచునది రెగ్యులేటరు. సాధారణముగా ఇంజను నడుచునపుడు బ్యాటరీ వద్ద 13.8 నుండి 14.5 వోల్టుల వఱకు ఉండవలెను. పూర్తిగా చార్జియై కొన్ని గంటలు విశ్రమించిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును, 12.2 వోల్టులనగా సగము, 12.0 వోల్టులనగా రమారమి పాతిక పాలు మిగిలినదని అర్థము.

డ్యాష్‌బోర్డు మీది ఎఱ్ఱని బ్యాటరీ దీపము సంప్రదాయ నిర్మాణములో హెచ్చరిక మాత్రమే కాదు, పనిముట్టు కూడ. కీ త్రిప్పగానే ఈ దీపము గుండ తొలి విద్యుత్తు రోటరును చేరును. ఆల్టర్నేటరు మేల్కొనిన పిమ్మట దీపమునకు రెండు వైపుల వోల్టేజి సమానమగుటచే అది ఆరిపోవును. కావున కీ త్రిప్పినపుడు అసలు వెలుగని దీపము, నడకలో వెలుగు దీపమువలెనే, అనుమానింపదగినది. బల్బు మాడినను, దాని తీగ వదులైనను, ఇట్టి కార్లలో ఆల్టర్నేటరు లోహములో మిగిలియున్న స్వల్ప అయస్కాంత శక్తితో తనంతట మేల్కొనవలసి వచ్చును. ఉదయము కారు తీసి వీధి మలుపు దాటి ఒకమారు యాక్సిలరేటరు గట్టిగా త్రొక్కిన తరువాతనే చార్జింగు ఆరంభమగుచున్నదని యజమాని చెప్పినచో, పరీక్ష ఈ దీపముతో మొదలుపెట్టుట యుక్తము.

లోపముల మూలస్థానములు

బెల్టు: పాతబడి నునుపెక్కిన బెల్టు పొడివేళ చక్కగా పట్టి, వానలో తడిసినపుడో, హెడ్‌లైట్లు, ఏసీ కలిసి భారము పెరిగినపుడో జారును. స్టార్టు చేయగానే వినబడు కీచుశబ్దము దీని లక్షణము. పొడుగాటి ఒకే బెల్టు గల కార్లలో టెన్షనరు స్ప్రింగు బలహీనపడుట వలనను, కొన్ని ఆల్టర్నేటర్లకు అమర్చు ఒకవైపు మాత్రమే పట్టు పుల్లీ లోపల జారుట వలనను ఇదే ఫలితము కలుగును. తుదిదానియందు బెల్టు సలక్షణముగా తిరుగుచునే యుండును గాని రోటరు దాని వేగమును అందుకొనదు.

కార్బన్ బ్రష్షులు: లక్ష కిలోమీటర్లకు పైబడి తిరిగిన కారులో మొట్టమొదట తలపునకు రావలసినవి ఇవి. విప్పి చూచినచో, గూడులో స్ప్రింగు వెనుకనుండి నెట్టుచున్న నల్లని దిమ్మెలు రెండు, అరిగి పొట్టివై, ఐదు మిల్లీమీటర్లకు లోబడి బయటికి పొడుచుకొనియుండును; రింగుల మీద నల్లని పొడియు, ఒక్కొక్కచోట గాడియు కనబడును. దిమ్మె పొట్టియగుకొలది స్ప్రింగు సాగి బలము తగ్గును. సమమైన రోడ్డు మీద బ్రష్షు రింగును తాకుచునే యుండును. గతుకు తగిలిన క్షణమున అది ఎగిరి రోటరునకు విద్యుత్తు తెగిపోవును. చార్జింగు ఆగిన వేళ ఆల్టర్నేటరు వెనుకభాగమును కఱ్ఱపిడితో మెల్లగా తట్టగా దీపము ఆరిపోయినచో దోషము దాదాపు బ్రష్షులదే. తట్టుట నిర్ధారణయే కాని చికిత్స కాదని, ఆ కారు మరల త్రోవలో ఆగుట నిశ్చయమని గ్రహింపవలెను.

రెగ్యులేటరు, రోటరు: ఇంజను గదిలోని వేడిమి ఈ రెంటి లోపలి అతుకులను బాధించును. చల్లగా ఉన్నపుడు గంటసేపు చక్కగా పనిచేసి, వేడెక్కిన పిమ్మట చార్జింగు మానివేసి, కారు అరగంట నిలిపి చల్లార్చినంతనే మరల పనిచేయుట రెగ్యులేటరు లోపలి సోల్డరు అతుకులు వీడుటకు గుర్తు. రోటరు తీగ ఒకచోట చిట్లినపుడు తక్కువ వేగమున చివరలు తాకుచుండి, వేగము పెరిగినపుడు అపకేంద్ర బలముచేత విడివడును.

డయోడులు: ఒక డయోడు తెగినచో చార్జింగు పూర్తిగా ఆగదు, ఉత్పత్తి తగ్గి, వోల్టేజిలో అలలు లేచి, రేడియోలో సన్నని ఈల వినబడి, ఎఱ్ఱదీపము చీకటిలో మాత్రమే కనబడునంత మసకగా వెలుగును. డయోడు కారుచున్నచో రాత్రికి రాత్రి బ్యాటరీ హరించును. ఇంజను ఆపి కొన్ని గంటలైనను ఆల్టర్నేటరు ఒడలు గోరువెచ్చగా ఉండుట దానికి సాక్ష్యము.

అతుకులు, ఎర్తు: ఆగంతుక లోపములలో ఆల్టర్నేటరు బయట ఉండునవి తక్కువ కావు. బ్యాటరీ క్లాంపుల కింద పెరుగు తెల్లని బూజు, తుప్పుపట్టిన బోల్టు, ఇన్సులేషను లోపలనే ఆకుపచ్చబారిన రాగితీగ, ఇంజనునుండి బాడీకి పోవు ఎర్తు పట్టీ చెడుట ఈ వర్గములోనివి. విశాఖపట్నము, మచిలీపట్నము వంటి సముద్రతీర పట్టణములలో ఉప్పుగాలి ఈ క్షయమును త్వరితము చేయును. ఎర్తు పట్టీ దెబ్బతిన్నపుడు స్టార్టరు విద్యుత్తు యాక్సిలరేటరు కేబులు వంటి సన్నని లోహమార్గములు వెదకికొనును. కేబులు వేడెక్కుచున్నచో ఎర్తును తప్పక పరీక్షింపవలెను.

బ్యాటరీ: లోపలి సెల్లులను కలుపు సీసపు పట్టీ చిట్లినచో, ఒకమారు సెల్ఫ్ చక్కగా తీసికొని, మరుక్షణమున కారులో దీపమైనను వెలుగక, కుదుపు తగిలినంతనే మరల ప్రాణము వచ్చును. ఇట్టి కారులో ఆల్టర్నేటరును మార్చి ప్రయోజనము లేదు. రెంటచింతల, రామగుండము ప్రాంతముల వేసవి వంటి తీవ్రోష్ణము నీటిని హరించి, పలకలను తినివేసి బ్యాటరీ ఆయువును తగ్గించును.

పరీక్షా క్రమము

మొదటిది ప్రశ్న. దీపము ఎప్పుడు వెలిగినది, కారు అప్పుడు ఎంతసేపటినుండి నడుచుచున్నది, వాన ఉన్నదా, ఏసీ వేసియున్నదా, బాట ఎట్టిది, కొత్తగా మ్యూజిక్ సిస్టమో అలారమో అమర్చితిరా అని యజమానిని విచారించి, తెలియనిచో కొన్నాళ్ళు ఒక చిన్న పుస్తకములో వ్రాసి ఉంచుమని చెప్పవలెను. వేడి, తడి, కుదుపు, భారము అను నాలుగింటిలో దేనితో లోపము ముడిపడియున్నదో తేలినచో వెదకవలసిన చోటు సగమునకు తగ్గును.

రెండవది బ్యాటరీ పరీక్ష. బలహీనమైన బ్యాటరీతో చేసిన చార్జింగు పరీక్ష నమ్మదగినది కాదు కావున ముందు దానిని నిండుగా చార్జి చేసి, మూతలు తెఱచునదైనచో హైడ్రోమీటరుతో ప్రతి సెల్లును చూడవలెను. సెల్లుల నడుమ సాంద్రతలో 0.050 మించిన తేడా యున్నచో ఆ బ్యాటరీ లోపభూయిష్ఠము. మూసియున్న బ్యాటరీలకు లోడ్ టెస్టరు శరణ్యము.

మూడవది వోల్టేజి నష్టపరీక్ష; ఈ శాస్త్రమునకు ఇదియే ఆయువుపట్టు. ఇంజనును నిమిషమునకు సుమారు రెండు వేల చుట్ల వేగమున ఉంచి, హెడ్‌లైట్లు, బ్లోవరు వేసి, మీటరు ఎఱ్ఱతీగను ఆల్టర్నేటరు ‘బి’ టెర్మినలు మీదను, నల్లతీగను బ్యాటరీ ధనధ్రువపు సీసపు స్తంభము మీదనే (క్లాంపు మీద కాదు) ఉంచవలెను. కనబడు సంఖ్య 0.3 వోల్టునకు మించరాదు. అట్లే ఆల్టర్నేటరు ఒడలికిని బ్యాటరీ ఋణధ్రువమునకును నడుమ 0.2 వోల్టు మించరాదు. ఈ పరీక్ష భారముతోనే ఏల చేయవలెనో ఒక లెక్క తెలుపును. తుప్పుపట్టిన ఒక కలయికలో 0.02 ఓము నిరోధమున్నదనుకొందము. 5 ఆంపియర్లు ప్రవహించునపుడు అచట నష్టమగునది 0.1 వోల్టు, ఎవ్వరికిని అనుమానము కలుగదు. వానరాత్రి దీపములు, వైపర్లు, బ్లోవరు కలిసి 60 ఆంపియర్లు లాగునపుడు అదే చోట 1.2 వోల్టులు నష్టమై, ఆల్టర్నేటరు వద్ద 14.2 ఉన్నను బ్యాటరీకి 13.0 మాత్రమే చేరును. అంతే కాక ఆ బోల్టు చెంత 72 వాట్ల వేడిమి పుట్టి, లోహము వ్యాకోచించి, నిరోధము ఇంకను మారును. బండి ఆపి, తీగలు విప్పి, మామూలు మీటరు ఓముల స్కేలుతో కొలిచినచో ఈ 0.02 ఓము దాదాపు సున్నగానే కనబడును. భారము లేని పరీక్ష దోషిని నిర్దోషిగా విడుదల చేయును.

నాల్గవది రేగగొట్టు పరీక్ష. ఇంజను నడుచుచుండగా, మీటరు కనిష్ఠ గరిష్ఠములను తనంతట నమోదు చేసికొను ఏర్పాటులో పెట్టి, తీగల కట్టను అడుగడుగునకు మెల్లగా కదపుచు పోవలెను. వోల్టేజి తటాలున పడిన చోటే దోషస్థానము. వేడి వలని లోపమని అనుమానమున్నచో జుట్టు ఆరబెట్టు డ్రయ్యరుతో రెగ్యులేటరు ప్రాంతమును వేడిచేసియు, తడి వలనిదైనచో బెల్టు మీద కొద్దిగా నీరు చిలికియు చూడవచ్చును. తిరుగు బెల్టునకు చేతులు, చీరచెంగులు, కండువాలు దూరముగా ఉంచుట అత్యవసరము. అయినను లోపము దొరకనిచో, సిగరెట్ లైటరు సాకెట్టులో చిన్న వోల్టుమీటరును ఉంచి కారును దాని మామూలు బాటల వెంట తిప్పవలెను. ఆ సాకెట్టు తీగలలోని నష్టము వలన సంఖ్య కొంత తక్కువ కనబడవచ్చును గాని, ఇచట చూడవలసినది సంఖ్యను కాదు, దాని హఠాత్పతనమును.

ఐదవది అలల పరీక్ష. మీటరును ఏకాంతర విద్యుత్తు స్కేలున పెట్టి బ్యాటరీ ధ్రువముల నడుమ కొలిచినపుడు అర వోల్టునకు మించి కనబడినచో డయోడులను అనుమానింపవలెను. ఆసిలోస్కోపు ఉన్నచో ఒక డయోడు తెగినపుడు అలల వరుసలో లోటు స్పష్టముగా కంటికి కట్టును.

ఆఱవది నిద్రావస్థలోని వినియోగ పరీక్ష. చార్జింగు సవ్యముగా ఉండియు ఉదయమునకు బ్యాటరీ డౌను అగుచున్నచో, ఋణధ్రువపు తీగతో వరుసగా ఆమ్మీటరు కలిపి, తలుపులు మూసి, లోపలి ఎలక్ట్రానిక్ పెట్టెలు నిద్రించుటకు అరగంటకు పైగా వేచి చూడవలెను. 50 మిల్లీఆంపియర్ల లోపు సహజము. 500 మిల్లీఆంపియర్లైనచో దినమునకు 12 ఆంపియర్-గంటలు హరించి, చిన్నకార్ల 35 ఆంపియర్-గంటల బ్యాటరీ మూడు నాళ్ళలో వట్టిపోవును. డిక్కీ దీపము ఆరకపోవుట, రిలే అంటుకొనుట, బయట అమర్చిన మ్యూజిక్ సిస్టము ఇందుకు తఱచు కారణములు. ఇవియు ఒక్కొక్కరాత్రి మాత్రమే జరుగునవి కావున, చార్జింగు లోపములని భ్రమింపజేయుచుండును.

లోపములుగా భ్రమింపజేయునవి

కంప్యూటరు అదుపులో చార్జింగు జరుగు నేటి కార్లలో, బ్యాటరీ నిండియున్నపుడు ఇంధనము పొదుపు చేయుటకై వోల్టేజి 12.6 వఱకు దిగుటయు, బ్రేకు వేసి వేగము తగ్గించునపుడు 15 వఱకు ఎగయుటయు రూపకల్పనలోనిదే. ఇది తెలియక ఆల్టర్నేటర్లను మార్చుట వృథావ్యయము. ఇట్టి కార్లలో ఋణధ్రువము మీద ఒక సెన్సారు విద్యుత్తు రాకపోకల లెక్క చూచుచుండును. అదనపు పరికరముల ఎర్తును దానికి ఇవతల, నేరుగా ధ్రువమునకే బిగించినచో ఆ లెక్క తప్పి చార్జింగు చిత్రవిచిత్రముగా నడుచును. స్కానరుతో తప్పుల కోడులను, అవి నమోదైన వేళ ఇంజను వేగమును, వేడిమిని చదివినచో ఆగంతుక లోపము తన జాడ తానే చెప్పినట్లగును.

వేడిమి చేత ఉత్పత్తి కొంత తగ్గుట ప్రకృతిధర్మము. రాగితీగ నిరోధము డిగ్రీకి సుమారు 0.39 శాతము పెరుగును. చల్లగా ఉన్నపుడు 3 ఓములున్న రోటరు నూఱు డిగ్రీలు వేడెక్కినచో 4.2 ఓములకు చేరువై, 14 వోల్టుల వద్ద అందులో ప్రవహింపగల విద్యుత్తు 4.7 ఆంపియర్లనుండి 3.4 ఆంపియర్లకు దిగును. మఱియు, వానకాలపు సాయంకాలమున హైదరాబాదు కూడళ్ళలో గంటసేపు నిలిచి నిలిచి కదలు కారులో భారము గరిష్ఠము, ఇంజను వేగము కనిష్ఠము. అప్పుడు బ్యాటరీ కొంత ఖర్చగుట ఏ భాగపు దోషమును కాదు. దినమునకు రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే నడుపు కారు బ్యాటరీ తఱుగుటయు ఇట్టిదే.

జాగ్రత్తలు

ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగను ఊడబెఱికి చార్జింగును చూచు పాతకాలపు అలవాటును పూర్తిగా విసర్జింపవలెను. డైనమో నాళ్ళలో చెల్లిన ఆ పద్ధతి, ఆల్టర్నేటరు గల కారులో ఒక్క క్షణములో వోల్టేజిని అనేక రెట్లు పెంచి, డయోడులను, రెగ్యులేటరును, విలువైన కంప్యూటరు పెట్టెలను మాడ్చివేయగలదు. ‘బి’ టెర్మినలును విప్పుటకు ముందు బ్యాటరీ ఋణధ్రువమును తొలగింపవలెను. ఆ టెర్మినలునకు బ్యాటరీ సర్వదా కలిసియుండుటచే, పానా ఇంజనునకు తగిలినంతనే నిప్పులు కురియును. చార్జి అగుచున్న బ్యాటరీనుండి వెలువడు హైడ్రోజను మండెడి వాయువు కావున దాని సమీపమున అగ్గిపుల్ల గీయరాదు.

మరమ్మతు ముగిసిన పిమ్మట, లోపము మొదట కనబడిన స్థితిలోనే, అదే వేడిలో, అదే భారముతో, అదే బాటమీద కారును నడిపి తిరిగి కొలిచిన గాని పని పూర్తియైనట్లు కాదు. షెడ్డు నీడలో 14 వోల్టులు చూపిన మీటరు, ఎండలో ఏమి చూపునో హామీ యీయదు. భాగములను ఒకదాని వెంట ఒకటి మార్చుచు పోయినచో ఎప్పుడో ఒకప్పుడు లోపము తొలగవచ్చును. అది నిర్ధారణ కాదు, యజమాని ధనముతో ఆడు జూదము. లోపమున్న వేళ కొలిచి, కొలతతో దోషస్థానమును చూపిన తరువాతనే భాగమును మార్చుటకు యజమాని అంగీకరింపవలెను.